పేరు ఆగకూడదట

కోపం వస్తే నీళ్లు తాగమని మా అవ్వ చెబుతుంది. ఆ రోజు షామీర్‌పేటలో బిందెడు నీళ్లు తాగాను. కోపం తగ్గలేదు. ఇన్నేళ్లయినా తగ్గలేదు.

2006 నాటి సంగతి. జీడిమెట్లలో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో నేను ఇంజనీర్‌ని. కోడిగుడ్లు పొదిగించే మిషన్లకు కంట్రోలర్లు చేసేవాళ్లం. యజమాని జనార్ధన్ సార్. మా పాత కంట్రోలర్‌లో పనులన్నీ వరసలో నడిచేవి. వేడి చూడటం, గుడ్ల ట్రేలను అటూ ఇటూ వంచడం, బోర్డు మీద అంకెలు చూపించడం. ట్రే మోటారు ఇరుక్కుందంటే మిగతా పనులన్నీ దాని వెనకే నిలబడిపోయేవి. అప్పుడు హీటరును ఆపే దిక్కుండదు.

దీనికి మందు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉందని చదివాను. ఓపెన్ సోర్స్ రియల్‌టైమ్ కెర్నల్. పేరు పెద్దదే గానీ, పనులకు వంతులు వేసే మేస్త్రీ అనుకుంటే చాలు. ఒక్కో పనికి మనం ఒక ప్రాధాన్యపు అంకె ఇస్తాం. పెద్ద అంకె ఉన్న పని లేస్తే చిన్న అంకె పని పక్కకు జరగాల్సిందే. మేడ్చల్‌లో మా ఇంటి దగ్గరి నెట్ సెంటర్‌లో డౌన్‌లోడ్ చేసి, సీడీలో రాయించుకుని ఆఫీసుకు తీసుకెళ్లాను.

"ఫుకట్ల దొరికేదాంట్ల ఏముంటదమ్మా?" అన్నాడు జనార్ధన్ సార్. అయినా చెయ్యమన్నాడు, ఫుకట్ కాబట్టే.

అందులో మొదటి పాఠం రెండు లైట్లు వెలిగించడం. ఒక్కో లైటు ఒక్కో పని, దేని వేగం దానిదే. మా బోర్డు మీద ఒకటి వెలిగేది, రెండోది రెండుసార్లు మిణుకుమని చచ్చేది. ఏడుపొచ్చింది. ఏడవకుండా తిట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి తెలిసింది, ఒక్కో పనికి విడిగా కాస్త మెమరీ ఇవ్వాలి, నేను పిసినారితనంగా ఇచ్చాను. పెంచగానే రెండు లైట్లూ దేని దారిన అవి వెలిగి ఆరసాగాయి. ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

"రెండు లైట్లకు ఇన్ని దినాలా? దీపావళికి మా ఇంట్ల వంద ఎలుగుతయ్," అన్నాడు సార్ అటుగా వెళ్తూ. పళ్లు కొరుక్కున్నాను.

ఆ పునాది మీదే కొత్త కంట్రోలర్ కట్టాను. స్విచ్చేయగానే హీటరు వెలుగుతుంది, వేడి కొలిచి దాన్ని ఆపే పనికి అన్నిటికంటే పెద్ద అంకె. దాని కింద ట్రేలు వంచే పని. అడుగున డిస్‌ప్లే. డిస్‌ప్లే పనికి విశ్రాంతి అనేది రాయలేదు. అడుగున ఉన్నది ఎంతసేపు ఆడుకున్నా ఎవరికీ అడ్డం కాదు కదా.

మొదటి మిషన్ షామీర్‌పేట సుశీలక్కకు. వాళ్లది పొలాలున్న కుటుంబం. ఔటర్ రింగు రోడ్డు వస్తుందనగానే ఆమె భర్త అంజయ్య ఆ పొలాలన్నీ ప్లాట్లు చేసి అమ్మసాగాడు. మిగిలింది ఒక్క షెడ్డు, దాని చుట్టూ కాస్త జాగా. అక్కడ హ్యాచరీ పెడతానని సుశీలక్క పట్టుబట్టింది. "ఒక్క విడత జూస్త. గుడ్లల్ల పిల్లలెల్లకుంటే ప్లాట్ల రాళ్లు పాతిస్త," అన్నాడట ఆయన. ఈ మాట ఆమె మా ఆఫీసుకొచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పింది. "బిడ్డా, నాకు ఒక్కటే మోకా ఇచ్చిండు. నీ మిషన్ నన్ను ముంచదు గదా?" అని అడిగింది. ముంచదని మాటిచ్చాను.

మిషన్ పంపే ముందు సార్ చూడటానికొచ్చాడు. బోర్డు పైవరసలో మా కంపెనీ పేరు, ఆ వెనకే ఆయన పేరు ఎర్రటి అక్షరాలతో కదులుతూ పోతుంటాయి. కింది వరసలో వేడి అంకె. ట్రేలు వంగేటప్పుడు పేరు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

"గదేంది? నా పేరు నత్తి కొడ్తాంది!"

"ట్రేల పని నడుస్తోంది సార్. అది అయ్యాక పేరు కదులుతుంది."

"షురువాత్ రోజు పెద్దమనుషులొస్తరు. గాళ్లు జూసేది హీటరునా, పేరునా? డిస్‌ప్లేను పైన పెట్టు. పేరు ఆగొద్దు."

"అది విశ్రాంతి లేని పని సార్. పైన పెడితే కిందవాటికి వంతే రాదు. గుడ్లు ఉడికిపోతాయి."

"నాకు పాఠాలు జెప్పకు."

పెట్టనని చెప్పి, బ్యాగు తీసుకుని ఇంటికొచ్చేశాను. ఆయన అన్న కొడుకు వీరేందర్ మా దగ్గరే సేల్స్ చూసేవాడు. కంప్యూటర్ కోర్సు ఏదో చేశాడు. నేను వెళ్లాక సార్ అతనితో ఆ అంకె మార్పించి చిప్‌లోకి ఎక్కించాడు. హీటరు తగిలించకుండా బల్ల మీద పెట్టి చూశారట. పేరు నున్నగా కదిలింది, కింద గుడ్లకు కావాల్సిన వేడి, 37.5 డిగ్రీలు, కనిపించింది, సంబరపడ్డారు. ఆ 37.5 మిషన్ కొలిచింది కాదు. మొదలుపెట్టేటప్పుడు ఉండాలని ప్రోగ్రాంలో నేను రాసి పెట్టిన అంకె.

ఇవేవీ నాకు తెలియవు. ప్రారంభం రోజు బస్సు దిగి షెడ్డుకు చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. మిషన్ నిండా గుడ్లు పేర్చి స్విచ్చేసి, కొబ్బరికాయ కొట్టి, అందరూ షామియానా కింద భోజనాలకు కూర్చున్నారు. నేను నేరుగా మిషన్ దగ్గరికి వెళ్లాను.

పేరు పోతోంది. ఎంత చక్కగా పోతోందో! ఎక్కడా ఆగడం లేదు. ట్రేలు వంగాల్సిన వేళ దాటినా వంగలేదు, పేరు మాత్రం నవ్వుకుంటూ పోతోంది. కింద 37.5. తలుపు అద్దం మీద చెయ్యి పెట్టాను. చుర్రుమంది.

గోడకున్న మెయిన్ స్విచ్ లాగేశాను. మిషన్‌లోని ఫ్యాను చప్పుడు ఆగేసరికి షామియానా కింద మాటలు కూడా ఆగాయి.

సుశీలక్క ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. "శుభమా అని షురూ జేస్తే బంద్ జేస్తవా? ఏం పుట్టింది నీకు?" అని అరిచింది. నేను మిషన్ తలుపు తెరిచాను. వేడి ముఖాన కొట్టింది. ఆమె ఒక గుడ్డు తీసి, అరచేతిలో ఉంచుకోలేక మళ్లీ ట్రేలో పెట్టేసింది.

అప్పటికి జనార్ధన్ సార్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. ఒక్క చూపులో అంతా అర్థమైంది ఆయనకు. అర్థమయ్యాక ఏమన్నాడో వినండి.

"నేను వద్దనే అన్న అంజయ్య పటేలా. నెట్‌ల ఫుకట్ల దొరికిన సాఫ్ట్‌వేర్ అది. గీ పిల్లనే జిద్దు జేసి పెట్టింది."

నా ఒళ్లు మండిపోయింది. అంకె మార్చింది కాక, ఎవరో పుణ్యాత్ములు పని చేసి ఊరికే ఇచ్చిన దాని మీదకు తోస్తాడా? బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి చిప్‌కు కేబుల్ తగిలించాను. డిస్‌ప్లే అంకెను మళ్లీ అడుగుకు దించి, చిప్‌లోకి ఎక్కించి, స్విచ్చేశాను. తలుపు తెరిచి ఉన్నా బోర్డు మీద 43 కనిపించింది. హీటరు ఆగింది. అంకె మెల్లగా దిగుతూ వచ్చింది. ట్రేలు వంగాయి, పేరు ఒక్క క్షణం ఆగింది.

"రేపటికెల్లి పనికి రాకు," అన్నాడు సార్.

"ఇవాళే మానేశాను," అన్నాను. పక్కనున్న బిందెలోంచి నీళ్లు ముంచుకుని తాగుతూనే ఉన్నాను.

పేరు కోసం సారే అంకె మార్పించి ఉంటాడని ఆ రోజే అందరికీ చెప్పాను, సుశీలక్క నమ్మింది, అంజయ్య నమ్మలేదు. మూడు వారాలకు గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చే రోజు ఆమె నన్ను పిలిపించింది. సగానికి సగం గుడ్లు పగల్లేదు. పగిలిన వాటిలోంచి పిల్లలు కిచకిచమంటున్నాయి. వాటిని చూసి సంతోషపడే తీరిక కూడా మాకు లేకపోయింది. షెడ్డు బయట ట్రాక్టరులోంచి హద్దు రాళ్లు దించుతున్నారు.

"ఇగ అయిపాయె గదా," అన్నాడు అంజయ్య. "సగం సచ్చేదాన్ని యాపారం అంటరానే?"

సుశీలక్క పగలని గుడ్లన్నీ గంపలోకి ఎత్తి, ఆటో పిలిచి, నన్ను ఎక్కమంది. జీడిమెట్ల ఆఫీసులో జనార్ధన్ సార్ అద్దాల బల్ల మీద, ఫోను పక్కన, ఆ గంప పెట్టింది. ఏసీ గదిలో కంపు లేచింది.

"నీ పేరు ఆగకుండ నడిచింది గద సారూ. వీటి పానం ఆగింది."

"సాఫ్ట్‌వేరే గసొంటిదమ్మా. ఫుకట్‌దానికి గ్యారంటీ ఏడుంటది?"

"ఊకె ఇచ్చినోళ్లు నాకు మోసం జెయ్యలే. పైసలు దీస్కొని నువ్వు జేసినవ్. నాకు నీ పైసలొద్దు. నడువ్, మా ఆయన ముంగట నిలవడి నువ్వు జేసిన పని జెప్పు. రాకుంటే రేపట్నుంచి నువ్వు మిషన్లు అమ్మిన ప్రతి హ్యాచరీకి ఈ గంప మోస్కపోత."

వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. తన కారులోనే, గంప తన పక్క సీటులో పెట్టుకుని వచ్చాడు.

షెడ్డు ముందు అంజయ్య రాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. కూలీలు పని ఆపి చూశారు. సార్ గొంతు సవరించుకున్నాడు.

"మిషన్‌ది తప్పు లేదు పటేలా. గీ పిల్లది తప్పు లేదు. నంబరు మార్పిచ్చింది..."

అక్కడ ఆగిపోయాడు. నా వైపు చూశాడు, సుశీలక్క వైపు చూశాడు. లోపల ఖాళీ ట్రేలు వంగిన చప్పుడైంది. అంజయ్య రాళ్ల మీంచి లేవకుండా ఎదురుచూస్తున్నాడు.

"నేనే," అన్నాడు జనార్ధన్ సార్.

అంజయ్య రాళ్ల మీంచి లేచాడు. తర్వాత కూలీల వైపు తిరిగి, రాళ్లు మళ్లీ ట్రాక్టరులోకి ఎక్కించమన్నాడు.