గుడ్లగూబకు హెయిర్ డై

గంగాప్రసాద్‌కు ఒకరు చెబితే వినడమంటే నామోషీ. చెప్పేది కన్నకూతురైతే మరీను.

ఉయ్యూరు దగ్గర ఆయన మూడెకరాల వరి పొట్ట మీద ఉంది. పోయినేడు సగం పంట ఎలకల పాలైంది. ఈసారి మోటారు షెడ్డు అటక మీద తెల్ల గుడ్లగూబల జంట నాలుగు పిల్లల్ని చేసింది. ఊళ్లో వాళ్లు చావుపిట్టలని దడుచుకుంటున్నా, ఎలకల్ని తింటాయి కదా అని ఈయన ఉండనిచ్చాడు. తల్లి పిల్లల్ని పొదువుకుని కూర్చుంటే వేటంతా మగదే. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివే కూతురు సుస్మిత వచ్చినప్పుడల్లా, అవి ఎముకలూ బొచ్చూ కలిపి కక్కిన ఉండల్ని విప్పి ఎలక పుర్రెలు లెక్కపెట్టేది. రాత్రికి ఏడెనిమిది తేలేవి. ఆయనకు చాల్లేదు.

"తెల్లచొక్కా తొడుక్కుని ఎవడన్నా దొంగతనానికెళ్తాడా? నల్లగా ఉంటే ఇంకో పది పట్టును" అన్నాడు.

"అది కాదు నాన్నా. ఆ తెల్ల రొమ్ము మీద వెన్నెల పడి మెరిస్తే ఎలక కొయ్యబారిపోద్ది. పారిపోలేదు. అప్పుడే తన్నుకుపోద్ది."

"చదువుకున్నావుగా, నీ మాటే నెగ్గాలి మరి."

సుస్మిత హాస్టల్‌కు వెళ్లిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం నిద్రపోతున్న మగపక్షి మీద గోనెపట్టా కప్పి పట్టుకున్నాడు. తన మీసానికి వేసుకునే డై రెండు ప్యాకెట్లు కలిపి రొమ్ముకూ రెక్కల అడుక్కూ దట్టంగా పూశాడు. అది ఆయన వేలు చీల్చింది. "నీ మంచికేరా" అంటూ ఇంకో పూత వేశాడు.

ఆ వారమంతా కార్తీక వెన్నెల. ఎలకలు కొయ్యబారడం మానేసి, రెక్కల నీడ కనబడగానే కలుగుల్లో దూరాయి. గోరంతైనా ఆహారం లేక నాలుగో రోజుకు పిల్లలు మూడయ్యాయి, ఆపైన రెండు, చివరికి ఒకటి. తల్లి ఎటో ఎగిరిపోయింది. గట్ల వెంబడి వరిని ఎలకలు కొరికి పడేశాయి. గంగాప్రసాద్ కూతురికి ఫోన్ చేసి, పిల్లల్ని పిల్లి ఎత్తుకెళ్లిందని చెప్పాడు. తనూ అదే నమ్మాలనుకున్నాడు.

ఆదివారం సుస్మిత వచ్చింది. అటక కింద పడి ఉన్న ఉండ ఒకటే. విప్పింది. ఎలక పుర్రె లేదు. కొనదేలిన చిన్న ముక్కు ఉంది, ఇంకా గట్టిపడనిది.

"పిల్లి కాదు నాన్నా. పెద్ద పిల్ల చిన్నవాట్ని తినేసింది."

ఆమె దూలం మీది నల్ల పక్షిని చూసింది, తర్వాత నల్లబడ్డ తండ్రి గోళ్లను చూసింది. ఆయన చేతులు లుంగీలో దాచుకున్నాడు. జన్మలో మొదటిసారి ఆయనకు సిగ్గేసింది.

"ఈ రంగు ఎన్నాళ్లుంటదమ్మా?"

"ఈకలు రాలి కొత్తవొచ్చేదాకా. ఏడాది పట్టొచ్చు."

పైన మిగిలిన ఒక్క పిల్లా ఆకలితో బుసలు కొడుతోంది. తినడానికి దానికి ఇక తోబుట్టువు కూడా లేదు.