ఏం గాదు అనే మాట

చెరుకు సీజన్ వచ్చిందంటే బోధన్ ఫ్యాక్టరీ సైరన్‌తోనే ఎడపల్లిలో పొయ్యిలు వెలిగేవి. ఆ సైరన్‌కే సీమోను లేచి, చాయ్ తాగి, సైకిలెక్కేవాడు. బండ్ల మీది చెరుకు దించడం ఆయన పని. ఈసారి మాత్రం సైరన్ మోగినా మంచం దిగలేదు. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బిందని, అది పగిలేలోగా పట్నం పోయి కోయించుకుని, ఆ చోట కొత్త గొట్టం కుట్టించుకోవాలని నిజామాబాదు డాక్టరు చెప్పాడు. బరువెత్తొద్దన్నాడు, గట్టిగా దగ్గొద్దన్నాడు.

రోగి దగ్గరికి ఒట్టి చేతులతో పోకూడదు, "ఏం గాదు" అనకుండా లేవకూడదు. అది అక్కడి మర్యాద. అందరూ బత్తాయిలు పట్టుకుని వచ్చారు.

"ఏం గాదు సీమోనూ, దేవుడున్నడు," అన్నాడు పాస్టరు జయరాజ్. ఆ మాటకు ఇంటి గోడ జానెడు లోపలికి జరిగింది.

"మా మేనమామకు గిట్లనే అయింది. ఏం గాలే అన్నా," అన్నాడు తోటి హమాలి ఆశన్న. ఆ మేనమామ ఆ రోగంతోనే పోయాడని ఊరంతటికీ తెలుసు. మర్యాద మర్యాదే. దూలం కాస్త కిందికి దిగింది.

వచ్చినవాళ్లు తలలు వంచుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని పోయేవారు. ఇల్లు ఇరుకవుతున్న కొద్దీ సీమోను భార్య లక్ష్మవ్వ బట్టల సందూక బయట పెట్టింది, తర్వాత బియ్యం గోలెం, చివరికి తన పక్క కూడా వాకిట్లోనే వేసుకుంది. లోపల పెరిగినవి బత్తాయిలే.

పట్నం పోయే రోజు దగ్గరపడేసరికి తలుపు కిటికీ అంతయింది. మనిషి పాకి లోపలికి రావచ్చు, పడుకున్న రోగిని బయటికి తీయడం మాత్రం కుదరదు. భయమేస్తోందన్న మాట సీమోను నోటిదాకా వచ్చేది. ఇందరు ఏం గాదంటుంటే ఎట్లా చెప్పడం? మింగేసేవాడు. మింగినప్పుడల్లా కడుపులో బుడగ దడదడ కొట్టుకునేది.

అప్పుడు నందిపేట్ నుంచి ఆయన అక్క భీమవ్వ వచ్చింది. పసుపు ఉడకబెట్టే పని మధ్యలో లేచొచ్చింది. చేతులు పచ్చగా ఉన్నాయి, ఒట్టివే. పాకుతూ లోపలికొచ్చి తమ్ముడి పక్కన ఇరుక్కుంది.

"తమ్మీ, నాకు బుగులైతుందిరా," అంది. "నువ్వు సచ్చిపోతవేమోనని బువ్వ దిగుతలేదు."

వాకిట్లో లక్ష్మవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. రోగితో అట్లా ఎవరైనా అంటారా?

సీమోను ఆమె పచ్చటి చెయ్యి పట్టుకున్నాడు. "నాగ్గూడ బుగులే అక్కా. ఆ ఆపరేషన్ బల్ల మీదనే పోతనేమో."

"పోవచ్చు. పట్నం పోకుంటె మటుకు గీ మంచంలనే పోతవు. నేనొస్త, నడువు. బుగులువడుకుంటనే పోదాం."

ఇద్దరూ కడుపారా ఏడ్చారు. గోడలు మెల్లగా వెనక్కి జరిగాయి. సీమోను తల వంచకుండానే గడప దాటాడు. లక్ష్మవ్వ సందూక మళ్లీ లోపల పెట్టింది.

పట్నం దవాఖానలో ఆపరేషన్ గది ముందు పెద్ద డాక్టరు నవ్వుతూ సీమోను భుజం తట్టాడు. "ఏం కాదు," అన్నాడు. తలుపు సన్నబడి చక్రాల మంచం ఇరుక్కుంది.

లక్ష్మవ్వ ముందుకొచ్చి దండం పెట్టింది. "సారూ, గా మాట అనకుండ్రి. మీకెంత బుగులున్నదో గదే చెప్పుండ్రి."

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చాలా కష్టమైన పని అమ్మా. నాకూ భయంగానే ఉంది."

తలుపు వెడల్పయింది. మంచం ఎక్కడా తగలకుండా లోపలికి పోయింది.

మర్నాడు సీమోను కళ్లు తెరిచి, అక్క పచ్చటి చేతిని వెతుక్కున్నాడు. "బుగులింక పోలేదక్కా."

"ఉండనియ్యి," అంది భీమవ్వ. "బతికినోళ్లకే ఉంటది బుగులు."