అద్దం మీది కొంగ

శ్రీవల్లి తుడిచేసింది. స్ప్రే కొట్టి, బట్టతో రెండు చుట్లు తిప్పేసరికి బల్ల మీది గాజు అద్దం తళతళలాడింది.

జర్మనీలోని కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ చదువుతూ వారానికి మూడు పొద్దులు ఆఫీసులు తుడిచే పిల్ల. ఆమెను పనికి పంపే ఏజెన్సీ గదికి ఇరవై నిమిషాలని లెక్క పెడుతుంది కానీ, ఆ గదిలో ఏముందో చెప్పదు. గాజు మీద వేలిముద్ర కనిపిస్తే మాత్రం ఊరుకోదు. ఈ అద్దం నిండా వేలిముద్రలే. నీలం, నలుపు నూనె రంగులతో పసిపిల్ల అలికినట్టు ఉంది.

తుడిచాక తలెత్తి చూసింది. అద్దానికి సరిగ్గా పైన, కిందికి చూస్తున్న కెమెరా. గోడకు వరుసగా ఫోటోలు. మంచులో ఒంటికాలి మీద కొంగ. మెడ కొంచెం వంచిన కొంగ. ఇంకాస్త వంచిన కొంగ.

తుడిచేసింది మరకల్ని కాదు, ఆ కొంగనే.

ఆ గది వాలెంటీనా అనే ముసలామెది. సోవియట్ కాలంలో మాస్కోలో జానపద కథలను బొమ్మల సినిమాలుగా తీసేదట. ఇప్పుడూ తీస్తోందని శ్రీవల్లి విన్నది. కంప్యూటర్లో అనుకుంది. ఇంజనీరింగ్ చదివిన బుర్ర ఇంకెలా అనుకుంటుంది?

రూమ్మేటు భావనకు ఫోన్ చేసింది.

“ఎవ్వరన్న చూసిన్రా?”

“లేదే.”

“మరింకేంది? బకెట్ తీస్కొని వచ్చెయ్. తాజ్‌మహల్ కూలగొట్టినట్టు ఏడుస్తవేందే.”

శ్రీవల్లి వెళ్ళలేదు. తొమ్మిదింటికి వాలెంటీనా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. అద్దం కింది దీపం వేయకముందే అద్దం మీద వేలు పెట్టి చూసింది. తడి లేదు. కుర్చీలో కూలబడింది.

తానే తుడిచానని శ్రీవల్లి వచ్చీరాని జర్మన్‌లో చెప్పింది. ముసలామె అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక బొమ్మ వేసి, ఫోటో తీసి, అందులోనే గోరంత తుడిచి పక్కకు జరిపి మళ్ళీ ఫోటో తీస్తానంది. సెకనుకు పన్నెండు ఫోటోలు. కథలో ఇంకా ఇరవై సెకన్లు మిగిలాయి. చూపు చలికాలం దాకా ఆగదని డాక్టరు చెప్పాడట. చాన్నాళ్ళుగా కళ్ళతో గీయడం లేదనీ, తడి రంగును వేళ్ళతో తడుముకుంటూ పోతున్నాననీ చెప్పింది. ఇక తడమడానికేముంది?

శ్రీవల్లి గోడ మీది ఆఖరి ఫోటో పీకి అద్దం కింద పెట్టింది. కింది దీపం వేసి, వెలుగులో కనిపించే కొంగ మీదే గీయడానికి రంగులో వేలు ముంచింది. క్లాసు పోయింది. ఏజెన్సీ ఫోను మోగి మోగి ఆగింది. గంట తర్వాత వాలెంటీనా అద్దానికి ముక్కు ఆనించి చూసి, “ఇది కోడి” అని చెరిపేసింది. రెండోది చూసి, “ఇదీ కోడే. కాకపోతే ఆకలి మీదుంది” అంది.

మూడోది పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. వాలెంటీనా ఈసారి చెరపలేదు. మీట నొక్కింది. కెమెరా టిక్కుమంది.

“ఇప్పుడు మెడ తుడువు” అంది.

రెండు వందల నలభై బొమ్మలు కావాలి. ఒక్కదానికే పూటంతా పట్టింది. బయట అక్టోబరు. శ్రీవల్లి చేతిలో బట్ట కదలనంది.

“పొద్దున బాగానే తుడిచావుగా, అమ్మాయీ.”

తుడిచింది. గోరంత అనుకుంటే బెత్తెడు పోయింది. మంచులో ఒకచోట కొంగ ఒళ్ళు, ఇంకోచోట తల మిగిలాయి. మెడ ఎటు వంచాలని అడిగింది.

వాలెంటీనా అద్దం మీదికి వంగింది. ముక్కు ఆనించి అటూ ఇటూ వెతికింది.

“తల ఎక్కడుంది?” అని అడిగింది.