తలకిందుల అక్షరాలు

ప్రూఫు కాగితాల మీద సిరా ఇంకా ఆరలేదు. ఎస్సై వాటిని దండెం మీంచి లాగి వాకిట్లో వెలుతురుకు పట్టి చూస్తుంటే రామలింగయ్య కళ్లు నాలుగో పేజీ కోసం వెతికాయి.

పత్తర్‌గట్టి వెనక గల్లీలో దస్తగీర్ ప్రెస్సు అది. ముందు గదిలో కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, లోపల గోడ పొడవునా గూళ్లు గూళ్లుగా సీసపు అక్షరాలు నింపిన కేసులు. అక్కడ అచ్చయ్యేవి పెళ్లికార్డులు, బిల్లు పుస్తకాలు. పని లేని రోజుల్లో 'చెమ్మ' అనే చిన్న పత్రిక. సాయంకాలం కాలేజీలో పాఠాలు చెప్పే రామలింగయ్య దాని సంపాదకుడు. కార్డులు కోయగా మిగిలిన అట్టలే దానికి ముఖచిత్రం కాబట్టి ఏ రెండు ప్రతులూ ఒక రంగులో ఉండవు. రామలింగయ్య, దస్తగీర్, అక్షరాలు కూర్చే కంపోజిటర్ రాహేలు చాప మీద కూర్చుని సూదీ దారంతో కుట్టుకుంటారు.

ఎమర్జెన్సీ పెట్టి ఏడాది దాటింది. ఎవరో పేరులేని కరపత్రం పంచారని ఆ వారమంతా ప్రెస్సులు సోదా చేస్తున్నారు.

"ఇవేంది?" ఎస్సై ప్రూఫు మీద వేలు పెట్టాడు. వాక్యాల మధ్య అక్కడక్కడ నల్లటి మచ్చలు. "పత్రికల్ల జాగలు ఖాళీ ఇడువొద్దని హుకుం ఉన్నది, ఎరుకేనా? మీరు ఇంకింత హుషారు. మసి పూసి నిరసన జెప్తున్నరు. మిషనుకు సీలేస్త ఇయ్యాల."

"నిరసన ఏడిది సాబ్!" దస్తగీర్ చేతులు జోడించాడు. "అక్షరం కమ్మీ పడ్డది. లేనిదాని జాగల ఇంకోటి తలకిందులు గుచ్చుతం. దాని కాలు అచ్చువడి గట్ల నల్లగ కొడ్తది. అసలుది దొరికినంక మారుస్తం. ఏ ప్రెస్సుల జూసినా గంతే, ఖుదా కసమ్."

"ఏ అక్షరం కమ్మీ?"

"ణ, సార్," అంది రాహేలు కేసుల దగ్గర నుంచి.

"గదొక్కటే ఎందుకు కమ్మీ?"

దస్తగీర్ నసిగాడు. "మీ సర్కారు పనే సాబ్." మూల బల్ల మీద ఇనుప చట్రంలో బిగించిన పెద్ద నోటీసు ఉంది. "కుటుంబ నియంత్రణ కాగితం. లైనుకొక నియంత్రణ. మా తాన ఉన్న ణలన్ని అండ్లనే బడ్డయి. దఫ్తర్ల పాసయ్యేదాంక ఇప్పొద్దన్నరు. మీరు హుకుం ఇయ్యుర్రి, ఇప్పుడే ఇప్పి మీ ముంగట్నే ణలు పెడ్త."

ఎస్సై చట్రం వైపు ఒక అడుగు వేసి ఆగాడు. సర్కారు పని చెడగొట్టించాడన్న మాట పైవాళ్ల చెవిన పడితే ఏమవుతుందో అతనికి తెలుసు.

"దాన్ని ముట్టకు," అన్నాడు.

రామలింగయ్యకు కొంచెం ఊపిరాడింది. అంతలోనే ఎస్సై ప్రూఫులు అతని చేతిలో పెట్టాడు.

"నువ్వు సదువు పంతులూ. నలుపు వచ్చినకాడ అక్షరం జెప్పు. ఒక్కకాడ ణ గాకపోయినా తాళమే."

రామలింగయ్య చదివాడు. ప్రాణం అన్నాడు, కారణం అన్నాడు, తోరణం అన్నాడు. ప్రతిదానికీ ఎస్సై తలూపుతున్నాడు. మూడు పేజీలు అయ్యాయి. నాలుగోది రాహేలు పేజీ.

ఆమె దాన్ని కాగితం మీద రాయలేదు. పనైపోయాక కేసు ముందు నిలబడి, మనసులో మాటను నేరుగా సీసపు అక్షరాల్లోకి కూర్చింది. మలక్‌పేటలో హోటలు పని చేసుకునే ఆమె తమ్ముణ్ణి, పెళ్లి కూడా కానివాణ్ణి, రోడ్డు మీంచి జీపెక్కించుకుపోయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి పంపారు. పుండు చీము పట్టి పోయాడు. నిన్న మొదటి ప్రూఫు చదివినప్పుడు రామలింగయ్య లేచి వీధి తలుపు మూశాడు. అయినా వేద్దామనే అన్నాడు. అప్పుడు ఆ పేజీలో ఒక్క మచ్చ కూడా లేదు.

ఇప్పుడు రెండున్నాయి, పక్కపక్కనే.

మా తమ్ముని ■■ ఎత్తుకపోయింది.

పొద్దున పక్క ప్రెస్సులో సోదా జరుగుతోందని విని రాహేలే ఆ రెండక్షరాలూ తిప్పేసి మళ్లీ ప్రూఫు తీసి ఉంటుంది. తీసుకుపోయింది ఎవరో చెప్పే మాట పేజీలో అదొక్కటే. నలుపుల్లో నలుపు కలిసిపోతుందనుకుంది పాపం. ఒక్కొక్కటీ విప్పి చెప్పమనే మనిషి వస్తాడని ఏ కంపోజిటర్ అనుకుంటుంది?

"ఆగినవేంది? సదువు."

ఎస్సై అతని భుజం మీంచి వంగి ఆ లైను చూశాడు.

"ణణ ఎత్తుకపోయిందా పంతులూ? గదేం జంతువు?"

"మూసీ," అన్నాడు రామలింగయ్య. "మూసీ ఎత్తుకపోయింది... వరదల్లో."

"మూసీల ణ యాడున్నది?"

దస్తగీర్ కళ్లు మూసుకున్నాడు. గల్లీలో గాజుల బండివాడి కేక ఒకటి వినిపించి దూరమైంది.

"జీపు, సార్," అంది రాహేలు. చేతిలోని అక్షరాలు కూర్చే స్టిక్కు బల్ల మీద పెట్టి ముందుకొచ్చింది. "అక్షరాలు కమ్మీ గాలే. నేనే తిప్పిన. ఈళ్లకు తెల్వది. ఏమన్న జేస్తె నన్ను జెయ్యుర్రి, మిషను జోలికి పోకుర్రి."

ఎస్సై కాగితం తీసుకుని పేజీ అంతా చదివాడు. చిన్నపిల్లల్లాగా పెదవులు కదిలిస్తూ చదివాడు. చదివాక వాకిలి వైపు చూశాడు. గల్లీ మొగదల అతని జీపు ఆగి ఉంది.

"ఎప్పుడు?"

"ఈస్టరు ముంగట."

ఎస్సై ప్రూఫును బల్ల మీద పరిచి ఆ రెండు మచ్చల మీద వేలు పెట్టాడు.

"పంతులు జెప్పిందే పెట్టు," అన్నాడు ఎస్సై చివరికి, గొంతు తగ్గించి. "మూసీ. ఆపరేషన్ అన్న లైను తీసెయ్. గట్ల ఏసుకోర్రి, నేను సూడలే."

"పెట్టెయ్ బేటీ," దస్తగీర్ తొందరపడ్డాడు. "అల్లా మంచి జేస్తడు సాబ్‌కు. పెట్టెయ్."

రాహేలు చెయ్యి కేసు మీదికి వెళ్లింది. గూడు దాకా వెళ్లి అక్కడే ఉండిపోయింది.

"ఇది అచ్చయితే మా అవ్వకు సదివి ఇనిపియ్యాలె సార్. ఎండకాలం మూసీల మోకాలు మునిగే నీళ్లు లేవు. కన్నామెకు ఏమని సదవాలె?"

"అయితే పేజీ ఇప్పు," అన్నాడు ఎస్సై కరకుగా. "నా ముంగట్నే."

రామలింగయ్య ఏదో అనబోయాడు. రాహేలు అతని వైపు చూసి తల అడ్డంగా ఊపింది. పేజీ చుట్టూ కట్టిన దారం తనే విప్పి, ఒక్కొక్క లైనే చేతిలోకి తీసుకుని అక్షరాలను వాటి గూళ్లలో వేసింది. చిటుకు చిటుకుమని సీసం రాలుతోంది. నిన్నటి ప్రూఫు రాత్రే పొయ్యిలో పడింది, ఇవాళ్టిది ఎస్సై మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక ఆ జేబులో, ఆమెలో తప్ప ఆ కథ ఎక్కడా లేదు.

"నాలుగో పేజీ ఖాళీ వడ్డది సాబ్," అన్నాడు దస్తగీర్ బెదురుతూ. "ఖాళీ ఉండొద్దంటిరి."

"ఏదన్న పెట్టుర్రి."

"మా తమ్ముని పేరు పెడ్తె తప్పా సార్?" రాహేలు అడిగింది. "ఒక్క పేరు."

ఎస్సై పక్కకు జరిగి కేసుకు దారి ఇచ్చాడు. ఆమె పైవరస కేసు లాగింది. పెళ్లికార్డుల మీద వరుడి పేరుకు వాడే లావు అక్షరాలుంటాయి అందులో. మూడు తీసి ఖాళీ చట్రం నడుమ నిలబెట్టి, చుట్టూ కొయ్యముక్కలు బిగించింది. దస్తగీర్ సిరా రాసి ఒక్కసారి తొక్కాడు.

తెల్లటి కాగితం. నడుమ, సీమోను.

ఎస్సై దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింతేనా?"

"గింతే సార్."

కాగితం బల్ల మీద పెట్టి టోపీ సర్దుకున్నాడు. వాకిలి దాకా పోయి, వెనక్కి తిరగకుండానే అన్నాడు: "మలక్‌పేట అని గూడ కింద పెట్టు. ఒక్క పేరే ఉంటె ఎవరో అనుకుంటరు."

రామలింగయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గల్లీ మొగదల జీపు స్టార్టయింది. ఆ చప్పుడుకు కేసు మీద రాహేలు చెయ్యి ఆగింది. చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి, 'మ' గూటిలోకి దిగింది.