పాత డబ్బాకు కొత్త కార్డు

సూది గుడ్డ మీద చుట్టూ తిరిగొచ్చి ఆగుతుంది. ఆ తర్వాతే కత్తి దిగుతుంది. వరస తప్పి కత్తి ముందు దిగిందంటే దాన్ని కాజా అనరు, చిరుగంటారు. అందుకని కాజాల మిషను మీద కూర్చున్నవాడి ధ్యాసంతా సూది మీదే ఉండాలని సూపర్‌వైజరమ్మ రోజూ చెబుతుంది. ఆ శనివారం పొద్దున కాజాలాయన కళ్ళు సూది మీదే ఉన్నాయి గానీ, మనసు మాత్రం ఇంట్లో బల్ల కింద దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటర్ డబ్బాలో దూరి కూర్చుంది. మెమరీ వెయ్యాలా, కార్డు మార్చాలా, లేక ఆ డబ్బాను ఎత్తి వీధిలో పారెయ్యాలా? మూడోది ఖర్చు లేని పని.

ఆయన సన్నగా, ఒక పక్కకు ఒరిగి ఉంటాడు. ఏళ్ళ తరబడి సూది వైపు వంచీ వంచీ మెడ అలాగే ఉండిపోయింది. ఎవరితో మాట్లాడినా తల ఎడమ పక్కకు వాలుతుంది. కొత్తవాళ్ళు తమ మాట నమ్మడం లేదేమోనని నొచ్చుకుంటారు. కనుబొమల మీద ఎప్పుడూ నూలు పీచు ఉంటుంది, దులిపినా మధ్యాహ్నానికి మళ్ళీ చేరుతుంది. ఆ చొక్కాల కంపెనీలో ఒకరు గుడ్డ కత్తిరిస్తారు, ఒకరు కాలర్లు కుడతారు, ఒకరు చేతులు అతుకుతారు. ఆయన కాజాలు కుడతాడు. ఇంతకాలంలో ఒక్క చొక్కా కూడా మొదటినుంచి చివరిదాకా ఆయన చేతుల్లో తయారవలేదు. హాజరు పట్టీలో తప్ప ఆయన పేరుతో ఎవరికీ పని లేదు. ఇంటి ఓనరు కూడా "కాజాలాయన వాటా" అనే అంటాడు.

ఈ ఉద్యోగం ఇప్పించింది బావ. అక్క మొగుడు, సిటీబస్సు కండక్టరు. రోజూ తన బస్సెక్కే కంపెనీ మేనేజరుతో చనువు పెంచుకుని, "మా బామ్మర్ది బంగారంలాంటివాడు సార్, మెరవడం తప్ప పనేం లేదు" అని చెప్పి చేర్పించాడు. ఆ ముక్క తలుచుకుని ఇప్పటికీ నవ్వుతాడు. బావ సర్వీసంతా బస్సులోనే గడిచింది గానీ ఒక్కరోజూ స్టీరింగు ముట్టుకోలేదు. డ్రైవరు వీపు చూస్తూనే రిటైరయ్యాడు. తర్వాత గుండె బలహీనపడింది. ఆపరేషనుకు ఒళ్ళు తట్టుకోదని డాక్టర్లు తేల్చేశాక, ఇంట్లో కూర్చునే మనిషికి కాలక్షేపం కావాలని ఆయన కూతురు ఒక మంచి కంప్యూటరూ, బల్లకు బిగించే స్టీరింగూ కొనిపెట్టింది. ఆ రోజునుంచి బావ బస్సు నడుపుతున్నాడు. ఆటలోనే అనుకోండి, అయినా నడపడం నడపడమే.

ఒక్కడికీ తోచక బామ్మర్దిని కూడా లాగాడు. అప్పుడే మూతపడుతున్న గేమింగ్ సెంటర్లో కాజాలాయన ఒక పాత డబ్బా కొన్నాడు. కాలేజీ పిల్లలు తుపాకుల ఆటలాడి అరగదీసిన డబ్బా. సాయంత్రమైతే చాలు, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని నెట్టులో ఒకే దారి మీద, ముందు బావ బస్సు, వెనక ఈయన లారీ, ఇద్దరి చెవులకూ హెడ్‌ఫోన్లు. రోజంతా మిషను తొక్కొచ్చి మళ్ళీ లారీ తోలడమేమిటని భార్య ముక్కున వేలేసుకుంది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఎదురెదురుగా కూర్చుంటే ఆ బావాబామ్మర్దులకు మాటలు దొరకవు. ఆదివారం చూడ్డానికి వెళ్తే "తిన్నావా", "మందులేసుకున్నావా", అంతటితో సరి. అదే దారి మీద చూపు పెట్టుకుని ముందూ వెనకా పోతుంటే ఎన్ని కబుర్లో! బావకు చావంటే భయమని కాజాలాయనకు తెలిసింది ఒక వంతెన మీద. పిల్లల్లేని దిగులు ఆయన మొదటిసారి బావతో చెప్పుకున్నది ఒక టోల్‌గేటు దగ్గర, ముందున్న కార్లు ఎంతకీ కదలకపోతే.

సరిగ్గా ఆ సుఖం మీద వారం కిందట మన్ను పడింది. ఆటవాళ్ళు కొండదారి ఒకటి కొత్తగా కలిపి వెర్షను మార్చేశారు. బావ మిషను దాన్ని గుటుక్కున మింగేసింది. ఈయన డబ్బా నల్లటి తెర చూపించి, గ్రాఫిక్స్ చాలదు పొమ్మంది. పాత వెర్షనులో ఉన్నవాడు కొత్తదాంట్లో ఉన్నవాడి వెనక వెళ్ళడానికి లేదు. దాంతో బావ కొండల్లో ఒంటరిగా తిరుగుతున్నాడు. "మా అమ్మాయితో చెప్పి నీకూ ఒకటి పంపిస్తానురా" అన్నాడు మర్నాడే. "అక్కర్లేదు బావా, నేను చూసుకుంటాలే" అన్నాడు ఈయన. ఉద్యోగమూ నువ్వే ఇప్పించి, లారీ కూడా నువ్వే ఇప్పిస్తావా అని లోపల రోషం. రోషానికి గ్రాఫిక్స్ కార్డు రాదని ఈ వారంలో బాగా తెలిసొచ్చింది.

"ఏంటన్నయ్యా, దారం తెగిపోయినా చూసుకోవట్లేదు?" అంది పక్క మిషను మీద గుండీలు కుట్టే ఆవిడ.

కాజాలాయన మిషను ఆపి దారం ఎక్కించాడు. "కార్డు కొందామంటే దానికి కరెంటు చాలదంటమ్మా. కరెంటు పెట్టె పెద్దది కొంటే అది డబ్బాలో పట్టదంట. పోనీ మెమరీ పెంచుదామంటే ఆ రకం ఇప్పుడు రావట్లేదంట. కొత్త రకం వేస్తే బోర్డు మార్చాలంట. బోర్డు మారిస్తే ప్రాసెసరూ మార్చాలంట."

"అంటే, గుండీ ఊడిందని వెళ్తే చొక్కా మార్చమన్నారన్నమాట."

"చొక్కా కాదమ్మా. మనిషినే మార్చమంటున్నారు."

ఆవిడ నవ్వింది. ఈయనకు నవ్వు రాలేదు. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని పెంచి, పిల్లికి పాలకోసం ఆవును కొని, చివరికి సంసారంలో పడ్డ సన్యాసిని తలుచుకుంటే చిన్నప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు పాపం అనిపించింది. ఆ సన్యాసి కూడా అన్నీ సెకండ్‌హ్యాండ్‌లోనే వెతికి ఉంటాడు.

భోజనాల వేళ బావ ఫోను చేశాడు.

"ఏమైందిరా నీ పరిశోధన?"

"సాయంత్రం వచ్చేస్తున్నా బావా."

"వారం నుంచీ వింటున్నా ఈ మాట. ఆ కొండెక్కుతుంటే బండికి కాదురా, నాకు ఆయాసమొస్తోంది."

"అయితే ఇవాళ్టికి పడుకో."

"పడుకుని పడుకునే నడుం పట్టేసింది. నువ్వు రా ముందు. వెనక నీ లారీ హారన్ లేకపోతే నిద్రొచ్చి చస్తున్నా." ఊపిరి ఎగబీల్చి మళ్ళీ అందుకున్నాడు. "సొంతంగా కొంటావో, ఎవరి మెడలన్నా వంచి కొంటావో నాకనవసరం. వచ్చెయ్."

కాజాలాయన సూపర్‌వైజరమ్మను బతిమాలి పెందలాడే బయటపడ్డాడు.

కంప్యూటరు సామాన్ల కొట్లన్నీ మార్కెట్టులో ఒకే మేడ మీద ఉంటాయి. ఇరుకు మెట్లు, మెట్ల మీద ఖాళీ అట్టపెట్టెలు. మొదటి కొట్టతను డబ్బా లోపలి ఫొటో చూపించమన్నాడు. ఫోనులో ఉన్న ఫొటోలో బోర్డు కంటే దుమ్ము బాగా పడింది. "ఇదేంటండీ, పిచ్చుక గూడా?" అన్నాడతను. రెండో కొట్లో కుర్రాడు తల కూడా ఎత్తకుండా "పారెయ్యండంకుల్" అన్నాడు. పారెయ్యడం తెలియక ఇంత దూరం వచ్చాడా? కోపంతో కాజాలాయన మెడ మరికాస్త వాలింది. ఒక్క వస్తువు, తన బుద్ధితో తాను ఎంచుకుని, కొని, బిగించి, 'ఇదుగో బావా, నేను తెచ్చుకున్నాను' అనిపించుకోవాలన్న కోరిక మరీ అంత గొంతెమ్మ కోరికా?

మూడో కొట్లో రిపేర్లు చేసే పెద్దమనిషి ఓపిగ్గా అంతా విన్నాడు. డబ్బా ఏ కాలందో అడిగాడు, ఆడే ఆట ఏదో అడిగాడు. లోపలినుంచి అరచేయంత కార్డు ఒకటి తెచ్చాడు.

"వాడిందే గానీ గట్టిది. దీనికి వేరే కరెంటు వైరు అక్కర్లేదు, బోర్డునుంచే లాక్కుంటుంది. మీ పెట్టె మార్చక్కర్లేదు, మెమరీ ముట్టుకోవద్దు. మీ ఆటకిది చాలు."

వారం రోజుల్లో "చాలు" అన్న మాట విన్నది అదే మొదటిసారి. కాజాలాయనకు ఆ మనిషి కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పెద్దమనిషి కార్డును బుడగల కాగితంలో చుట్టి, సంచిలో ఇంకేదో కూడా పడేసి ఇచ్చాడు. అదేమిటో చూసే ఓపిక ఈయనకు లేదు. అప్పటికే బస్సు వైపు పరిగెడుతున్నాడు.

ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా డబ్బా ముందు కూలబడ్డాడు. మూత తీస్తే గుప్పెడు దుమ్ము. బ్రష్షుతో దులిపి పాత కార్డు పీకాడు, కొత్తది కూర్చోబెట్టాడు. టక్కుమని పట్టింది. ఒక మరమేకు బల్ల కిందికి దొర్లిపోతే దాన్ని తిట్టుకుంటూ వెతికాడు. ఇక తెర వైరు మిగిలింది. దాని నీలం మూతి పట్టే చోటు కొత్త కార్డుకు లేదు. వెనకంతా తడిమి చూస్తే కాస్త పైన, బోర్డు దగ్గర, అచ్చం అలాంటి నీలం చోటే ఒకటి కనబడింది. అందులో పెడితే కొలిచి కుట్టినట్టు పట్టింది. బొమ్మ కూడా వచ్చింది!

ఆట నొక్కాడు. నల్లటి తెర. గ్రాఫిక్స్ చాలదట.

కార్డు ఊడబీకి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే మాట. ఇంకోసారి. అదే మాట. చెమటకు కనుబొమల మీది నూలు పీచు తడిసి కంట్లో పడింది. డబ్బాను కాలితో ఒక్క తాపు తన్నాడు. దెబ్బ డబ్బాకు తగల్లేదు, బొటనవేలికి తగిలింది. ఆ పెద్దమనిషిని, ఆటవాళ్ళను, కొండను, కొండ మీద దారి వేసినవాళ్ళను వరసబెట్టి తిట్టాడు. చేతకానివాడన్న మాట ఎవరూ అనకపోయినా చెవుల్లో వినిపిస్తూనే ఉంది.

అప్పుడు ఫోను మోగింది. తెర మీద బావ పేరు.

"అన్నయ్యగారండీ, తియ్యొచ్చుగా" అంది భార్య.

"ఎందుకు, వెటకారం వినడానికా? బండెక్కాక నేనే పలకరిస్తా."

ఆమె డాబా మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్ళిపోయింది. ఫోను ఆగింది, వెంటనే మళ్ళీ మోగింది. "ఒక్క క్షణం ఆగలేడు కదా ఈ మనిషి!" అని దాన్ని బోర్లా తిప్పి దిండు కింద తోశాడు. దిండు కింద అది ఇంకోసారి గునిసి ఊరుకుంది. కాస్త చల్లబడ్డాక తీసి, కొట్టు పెద్దమనిషికి చేసి అయినదంతా ఏకరువు పెట్టాడు.

"బొమ్మ వస్తోంది కదా. తెర వైరు ఎక్కడ పెట్టారు?" అన్నాడు పెద్దమనిషి.

"పట్టిన చోట పెట్టానండీ."

"పట్టిన చోట కాదు, కార్డుకి పెట్టాలి. బోర్డుకి పెడితే కార్డుకి పనేముంది? ఊరికే కూర్చుని చూస్తుంటుంది. మీ తెరకు రెండు రకాలూ ఉంటాయి. కార్డుకి పట్టే వైరు సంచిలో వేశాను చూడండి."

సంచి అడుగున నల్లటి వైరు చుట్ట చుట్టుకుని ఉంది. కాజాలాయనకు సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కత్తి ఎక్కడ పడాలో చూసుకుంటూ బతికినవాడు, పట్టిందే చాలని పక్కదాంట్లో పెట్టుకుని కూర్చున్నాడు! బావకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. ఆర్నెల్లు నవ్వుతాడు. నవ్వనీ.

వైరు మార్చి ఆట నొక్కాడు. తెర తెల్లవారినట్టు విచ్చుకుంది. ఇంతకాలం పచ్చటి ముద్దల్లా కనిపించిన చెట్లకు ఇప్పుడు ఆకులున్నాయి. రోడ్డు మీద తడి ఉంది, తడిలో ఆకాశం ఉంది. పటంలో బావ బస్సు చుక్కలా మెరుస్తోంది, కొండ సగంలో. లారీని గేరులో వేసి ఎక్కించాడు. మలుపు మలుపుకూ హారన్ కొట్టాడు. ఆ పది నిమిషాలూ ఆయనంత సంతోషంగా ఉన్న మనిషి ఆ వీధిలో లేడు.

దారి పక్కన బస్సు ఆగి ఉంది. లారీని దాని వెనక ఆనించి, మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఏం బావా, బండి పక్కకు పెట్టి టికెట్లు కొడుతున్నావా? వచ్చేశా చూడు. నా సొంత కార్డు!"

హారన్ మరోసారి కొట్టాడు.

"అలిగావా? ఫోనెత్తలేదనా? సరే, తప్పయింది, కదులు."

హెడ్‌ఫోన్లలో ఏదో కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో నడిచారు. ఎవరో దేన్నో బల్ల మీంచి చేతిలోకి తీసుకున్నారు. తర్వాత అక్క గొంతు వినిపించింది. అక్క ఎప్పుడూ ఆటలోకి రాలేదు.

"తమ్ముడూ, నువ్వేనా? ఎక్కడున్నావురా?"

"నేనే అక్కా" అన్నాడు.

"మీ బావ ఫోనులోంచి ఎన్నిసార్లు చేశానురా, ఎత్తవేం? టీ పెట్టుకొచ్చేసరికి కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నారు. డాక్టరు వచ్చి వెళ్ళాడు. మీ బావ లేరురా. ఇంట్లో ఎవరూ లేరు, తొందరగా రా."

"వస్తున్నానక్కా" అన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

బట్టలు తెచ్చిన భార్య గుమ్మంలోనే అర్థం చేసుకుంది. ఆమె చేతుల్లోని బట్టలు మంచం మీద పడేసి చెప్పులు వేసుకుంది. ఆయన ఏదీ ఆపలేదు, లైటు కూడా తియ్యలేదు. మెట్లు దిగుతున్నంతసేపూ ఒకటే అనుకున్నాడు: వారం కిందట బావ కంప్యూటరు పంపిస్తానంటే ఊ అని ఉంటే వారమంతా వెనకే ఉండేవాణ్ణి. ఆ మాట తర్వాత ఎవరితోనూ అనలేదు.

ఖాళీ గదిలో తెర వెలుగుతోంది. కొండదారి అంచున బావ బస్సు, ముందు తలుపు తెరిచి, ఎడమ పక్క లైటు ఆరుతూ వెలుగుతూ ఉండగా, ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.