ఏడో చప్పుడు

నేను ఒక జలాంతర్గామిని. యుద్ధం కోసం కట్టడం మొదలుపెడితే శాంతికాలంలో పుట్టినదాన్ని. ఇంగ్లండులో ఒక నది ఒడ్డున నా పక్కటెముకలు నిలబెడుతున్నప్పుడు పెద్ద యుద్ధం జోరుమీద ఉంది. నన్ను నీళ్లలోకి జార్చేనాటికి ఫిరంగులు ఆగిపోయి నాలుగు నెలలైంది. నాకు పేరు కూడా పెట్టలేదు. ఒక అక్షరం, రెండు అంకెలు. ముంచడానికి శత్రువు లేడు కనుక సొంత ఓడలనే శత్రువులనుకుని వాటి కిందికి దూరి రమ్మనేవారు. దానికి విన్యాసాలని పేరు. అందులో గెలిచిన కెప్టెన్లు నిజంగానే సంబరపడేవారు.

నా ఇంజన్ల దగ్గర ఎడ్గర్ విట్లాక్ అనే మెకానిక్ ఉండేవాడు. ముప్పై ఏళ్లవాడు, మాట తక్కువ. అతని తమ్ముడు విల్ఫ్రెడ్ రేవులో ఓడలకు రంగులు వేసేవాడు. నా వెనక గదికి తెల్లరంగు పూసింది అతనే. ఒక్కసారి నాలో మునిగి చూడాలని నెలరోజులు అన్న ప్రాణం తోడేశాడు. చివరికి పందొమ్మిది వందల ఇరవై నాలుగు మార్చిలో ఎడ్గర్ అతనికి తన పాత కోటు తొడిగి, ఎవరూ చూడకుండా వెనక గదిలో కూర్చోబెట్టాడు. అక్కడ పనిచేసే ఆరుగురూ నవ్వి ఊరుకున్నారు. ఒక్కపూట పని, మధ్యాహ్నానికి తిరిగి వస్తాం అనుకున్నారు.

ఆ పొద్దున దట్టమైన మంచు. నేను పైకి తేలగానే ఒక సరుకుల ఓడ వచ్చి నా తోకను గుద్దింది. నీళ్లు లోపలికి దూకాయి. "వెనక తలుపు మూసెయ్" అని కేక వినబడింది. తలుపుకు దగ్గరగా ఉన్నది ఎడ్గరే. మూశాడు. తలుపు బిగించే చక్రం చివరిదాకా తిప్పాడు. ముందు గదుల్లోవాళ్లు నా నెత్తిమీది బురుజు ఎక్కి సముద్రంలోకి దూకారు. వాళ్లతోపాటు అతన్నీ ఎవరో పైకి లాగారు. నేను ఇరవై బారల లోతుకు దిగి బురదలో కూర్చున్నాను.

వెనక గది సగం నిండాక నీళ్లు ఆగాయి. లోపలివాళ్లు నా గోడమీద సుత్తితో కొట్టడం మొదలుపెట్టారు. ఒకరి తర్వాత ఒకరు, మనిషికి ఒక దెబ్బ. కాసేపు ఆగి మళ్లీ. మర్నాడు దిగిన ఈతగాళ్లు ఆ చప్పుడు విన్నారు. ఎన్ని దెబ్బలో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ సాయంత్రం చప్పుడు ఆగిపోయింది.

ఎనిమిది వారాల తర్వాత నన్ను పైకి లాగితే లోపల ఆరు శవాలున్నాయి. వెనక గది పైమూత లోపలినుంచి తెరిచి ఉంది. విల్ఫ్రెడ్ లేడు. జాబితాలో ఆరుగురే, దొరికినవాళ్లూ ఆరుగురే. కనుక ఎవరూ బయటపడలేదని విచారణలో తేల్చారు. ఎడ్గర్ సాక్షిగా నిలబడి అడిగినవాటికి మాత్రం జవాబు చెప్పాడు. ఏడోవాడి గురించి ఎవరూ అడగలేదు. తమ్ముడు కెనడా పోయాడని తల్లికి చెప్పాడు. నమ్మించడానికి విల్ఫ్రెడ్ పేరుతో ఎడమచేత్తో ఉత్తరాలు రాసి, హాలిఫాక్స్‌లో ఉన్న స్నేహితుడికి పంపి అక్కడినుంచి పోస్టు చేయించేవాడు. తల్లి రాసే జవాబులు కూడా ఆ స్నేహితుడి ద్వారానే ఎడ్గర్‌కు చేరేవి. ఇలా పదేళ్లు.

నన్ను మళ్లీ కడిగి, రంగు వేసి, కొత్త మనుషులను ఎక్కించారు. ఎడ్గర్ మాత్రం అడిగిమరీ నా దగ్గరికే వచ్చాడు. నేను అడుగున ఆగిన ప్రతిసారీ వెనక గది గోడలో చప్పుడు. గొట్టాల్లో గాలి అన్నారు ఒకరు, ఇనుము చల్లబడుతోందన్నారు ఇంకొకరు. ఆ సమయంలో ఎడ్గర్ చేతిలో పని వదిలేసి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకునేవాడు.

ముప్పై నాలుగులో నన్ను తూర్పు సముద్రాలకు పంపారు. దారిలో విశాఖపట్నం కొత్త రేవులో ఆగాం. యారాడ కొండ చాటున మలుపు తిరుగుతుంటే, తెగిపోయిన మోకుతాడొకటి నా తోక కింద నీళ్లు తోసే పంకాకు చుట్టుకుంది. మా ఈతగాడు జ్వరంతో పడి ఉన్నాడు. రేవు గుమాస్తా భుజంగరావు బెస్తవాళ్లుండే జాలారిపేటనుంచి గనగళ్ల ఎల్లాజీని పిలిపించాడు. రేవు కట్టినప్పుడు అడుగున రాళ్లు సర్దిన మనిషి. గోచీ, నడుముకు కత్తి, అంతే. మిట్టమధ్యాహ్నం నా తోక దగ్గర మునిగాడు.

నాలుగో మునకలో తాడు తెగింది. కానీ అతను పైకి వచ్చి, కత్తి పళ్లమధ్యనుంచి తీసి, కెప్టెన్‌వైపు చూశాడు.

"పంకా తిప్పొద్దని సెప్పండి బావూ. లోపల మడుసులున్నారు. కొడతన్నారు."

భుజంగరావు ఇంగ్లీషులో చెప్పాడు. కెప్టెన్ నా మనుషులందరినీ డెక్కుమీద వరుసకట్టించి లెక్కపెట్టించాడు. అందరూ పైనే ఉన్నారు. వెనక గది తెరిచి చూపించారు. ఖాళీ.

"నీళ్ల చప్పుడు విని ఉంటాడు" అన్నాడు కెప్టెన్. "తాడు తెగింది కదా, పంపించెయ్యండి."

ఎల్లాజీ కదల్లేదు. "నీళ్ల సప్పుడు నాకు తెల్దేటి? ఏడు దెబ్బలు. ఆగుతన్నారు, మళ్లీ ఏడు."

"ఆరు" అన్నాడు కెప్టెన్ అప్రయత్నంగా. అతను నా రికార్డు చదివాడు, వెనక గదిలో పోయింది ఆరుగురని అతనికి తెలుసు.

ఎడ్గర్ వరుసలోంచి బయటికి వచ్చాడు. "ఏడని ఎలా చెప్పగలడో అడగండి" అన్నాడు.

భుజంగరావు అడిగాడు. ఎల్లాజీ మొహంమీది నీళ్లు తుడుచుకున్నాడు.

"ఆరు లోపల్నించి. ఏడోది లోపల్నించి కాదు బావూ. బయట. నా పక్కనుంచే కొడతన్నాడు. తిరిగి సూస్తే ఎవులూ నేరు."

ఎడ్గర్ డెక్కు అంచుకు వచ్చి నీళ్లలోకి తొంగి చూశాడు. ఎల్లాజీ అది గమనించాడు. గుమాస్తాను వదిలేసి నేరుగా అతనితోనే అన్నాడు:

"ఆడు మీకేటవుతాడు?"

మాట తెలియకపోయినా ప్రశ్న అర్థమైంది. "నా తమ్ముడు" అన్నాడు ఎడ్గర్. ఆ తర్వాత కెప్టెన్‌వైపు తిరిగి, దాచుకున్నదంతా, కోటు తొడగడం దగ్గరనుంచి చక్రం తిప్పడం దాకా అందరి ముందూ చెప్పాడు. అలా చెబితే తన ఉద్యోగం, పింఛను, ఇంకా ఏమేమి పోతాయో అతనికి తెలుసు. భుజంగరావు తెలుగు చెయ్యడం మధ్యలో ఆపేశాడు.

విన్నంతవరకు విని ఎల్లాజీ అన్నాడు: "మా పేటలో మడిసి సంద్రంలో పోయి దొరక్కపోతే, సొంతోళ్లు ఒడ్డున నిలబడి పేరెట్టి పిలుత్తారు. పిలవకపోతే ఆడు ఆ పడవనే అంటిపెట్టుకుని ఉండిపోతాడు. ఈయన్ని పిలమనండి."

ఎడ్గర్ నా తోక చివర మోకాళ్లమీద కూర్చుని నీళ్లమీదికి వంగాడు. "విల్ఫ్" అన్నాడు. పక్కగదిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు, అంతే గొంతుతో. ఎల్లాజీ మునిగాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడేటీ నేదు."

ఆ రోజు నా సర్వీసు రికార్డులో కెప్టెన్ రాసింది ఒకే వాక్యం: పంకాకు చుట్టుకున్న తాడు తొలగించి బయలుదేరడమైనది. అంతకుమించి రాస్తే చదివేవాళ్లు ఏమనుకుంటారో అతనికి తెలుసు. ఎడ్గర్‌ను శిక్షించమనీ రాయలేదు.

ఎడ్గర్ కుడిచేత్తో, తన పేరుతోనే, మొదటిసారి తల్లికి నిజం రాశాడు. మూడు నెలలకు, సిలోన్‌లోని ట్రింకోమలీలో ఉండగా, జవాబు వచ్చింది. వెనక గదిలో ఒక్కడే కూర్చుని చదువుకున్నాడు. "మొదటి ఉత్తరంలోనే తెలిసింది. విల్ఫ్ ఏనాడైనా నా మోకాలి నొప్పి సంగతి అడిగాడా? అడిగేది నువ్వే. ఎలా పోయాడో తెలియలేదు గానీ, లేడని తెలిసింది. నేను జవాబు రాయడం మానేస్తే నువ్వు ఏమైపోతావోనని రాస్తూ వచ్చాను."

రెండేళ్లకు నన్ను తుక్కుకింద అమ్మేశారు. స్కాట్లండులో ఒక బురద ఒడ్డుకు లాగి కట్టేశారు. కోత మొదలయ్యే ముందురోజు, పగటిపూట, ఎడ్గర్ తల్లిని తీసుకొచ్చాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఇద్దరు కూలీలు పట్టుకుని నిచ్చెనమీదుగా దింపారు. వెనక గది తలుపు దగ్గరికి వచ్చి ఆగింది.

"అప్పుడు నువ్వు ఎటువైపు ఉన్నావు?"

ఎడ్గర్ చూపించాడు. ఆమె అక్కడే నిలబడి, రెండు చేతులతో చక్రం పట్టుకుని తిప్పబోయింది. అది కొంచెం కూడా కదల్లేదు.

"ఇంత గట్టిగా ఉందా" అంది. "నీ చేతులు ఎంత నొప్పెట్టాయో."

ఆమె చక్రం వదిలి, గడప దాటి, కొడుకు రంగు వేసిన గదిలోకి వెళ్లింది. అతను గడప ఇవతలే నిలబడిపోయాడు. కాసేపటికి ఆమె లోపలినుంచే చెయ్యి చాపింది. పట్టుకుని అతనూ లోపలికి వెళ్లాడు.