ఊడిరాని బూట్లు

ఎవరు పెట్టారో గానీ వాటికి క్లిప్‌లెస్ పెడల్స్ అని పేరు. పేరులో లేని క్లిప్పు కాలికి మాత్రం తగులుకుంటుంది. బూటు అడుగునున్న ముక్క పెడల్‌లోకి టక్కుమని దిగబడితే, మడమ పక్కకి తిప్పితే తప్ప ఊడదు. ఈ సంగతి అరుంధతికి బాగా తెలుసు. చోవా చూ కాంగ్ బస్టాపు ముందు సైకిలు ఆపేదాకా గుర్తుంది కూడా.

ఆగింది. కాలు రాలేదు. నరికిన అరటిచెట్టులా నింపాదిగా ఒరిగి, రెండు కాళ్లూ సైకిలుకే అతుక్కుని ఉండగా నేలమీద పడింది. అక్కడే బస్సు కోసం నిలబడి ఉన్న ఆమె ఆఫీసు మేనేజరు జగన్మోహనరావు కిందికి చూసి గుడ్ మార్నింగ్ చెప్పాడు. అలా పడుకునే అరుంధతీ చెప్పింది.

అవి 2007 నాటి రోజులు. ఈ చిన్న ద్వీపదేశంలోని బ్యాంకులు సాఫ్ట్‌వేర్ మార్చుకుంటూ, కాకినాడ నుంచి కరీంనగర్ దాకా దొరికినవాళ్లందరినీ విమానం ఎక్కిస్తున్నాయి. అరుంధతి కింద పదహారుమంది టెస్టర్లు పనిచేసేవారు. సోమవారం ఆ పదహారుమందీ మోకాలెలా ఉందని వరసగా అడిగారు. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు అట్టపెట్టెలో పడేసింది. నలభై రెండేళ్లకి భార్యకి బుద్ధొచ్చిందని సంబరపడి, భర్త జనార్దనరావు ఆ పెట్టెకి టేపు కూడా వేశాడు.

ఆ టేపు చించింది పక్క బ్లాకులో ఉండే ఉజ్వల. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న కరీంనగర్ పిల్ల. అరుంధతిని సైకిలెక్కించిన పాపం ఆమెదే.

"నేను పదకొండుసార్లు పడ్డ అక్కా. ఒకసారైతే పెళ్లిచూపులకొచ్చినోని ముందటనే పడ్డ."

"మరి అతనేమన్నాడే?"

"ఏమంటడు, లేపిండు. లేపి పోయిండు. నీకు పడుడంటే భయం కాదక్కా, నలుగురు చూస్తరని భయం. పా, కావాలని పడదాం."

శనివారం పొద్దున బ్లాకు వెనక గడ్డిలో ఇద్దరూ కావాలనే పడ్డారు. చెయ్యి చాపకుండా, హ్యాండిల్ వదలకుండా, భుజం ఆనించి పడాలని ఉజ్వల నేర్పింది. ఆగే చోటికి ఇరవై అడుగుల ముందే మడమ తిప్పాలనీ చెప్పింది. పదోసారికి అరుంధతికి నవ్వాగలేదు. నడకకి వచ్చిన చైనా తాత ఒకాయన, వీళ్లకేదో జబ్బనుకుని జేబులోంచి తైలం సీసా తీసిచ్చాడు.

మర్నాడు రోడ్డెక్కారు. మొదటి సిగ్నల్ దగ్గర అరుంధతి ముందుగానే ఎడమకాలు ఊడదీసింది. ముచ్చటగా ఆగింది. ఆ ఆనందంలో, ఇంకా పెడల్‌లోనే ఉన్న కుడికాలి వైపుకి ఒరిగి పడింది.

వెనక టాక్సీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఆంటీ, ఓకే ఆర్ నాట్?" అన్నాడు.

"ఓకే లా," అంది అరుంధతి ఇక్కడివాళ్ల యాసలోనే, కింద నుంచే.

సిగ్గు ముంచుకొస్తుందేమోనని ఓ క్షణం చూసింది. రాలేదు. మోచెయ్యి మాత్రం మండింది. పచ్చదీపం పడేలోగా లేచి, దులుపుకుని, సైకిలెక్కింది.

లిమ్ చూ కాంగ్ వైపు ఎత్తుమీద ఆ బూట్ల మహిమ తెలిసింది. ఒక కాలు తొక్కుతుంటే రెండోది పైకి లాగుతోంది. ఆయాసపడుతున్న ఉజ్వలని దాటిపోయింది. ఆగమని వెనక నుంచి కేక వినిపించింది. ఆగడమే ఇంకా సరిగ్గా రాదు కాబట్టి, అరుంధతి ఆగలేదు.